నాన్న స్లయిడ్ల పెట్టె

రక్తంలో నూరు తెల్లకణాలను కంటితో చూసి లెక్కపెట్టడానికి నాకు మూడు నిమిషాలు చాలు. గొప్ప చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, గొప్పే చెప్పుకుంటున్నాను. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజుల్లో రాయ్‌పూర్ పండరీలో, బట్టల హోల్‌సేల్ బజారు వెనక సందులో, మేడమీదున్న ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాను. కింద చీరల మూటలు దించేవాళ్ల కేకలు, పైన నా మైక్రోస్కోపు. ఎడమచేతి కింద ఐదు మీటల కౌంటర్ ఉండేది. ఒక్కో రకం కణానికి ఒక్కో మీట. నూరు నిండగానే టింగుమని గంట కొట్టేది.

ఆ ఐదు రకాల్లో ఈ కథకు కావలసినవి రెండే. ఒంట్లో ఎక్కడ సూక్ష్మజీవి చొరబడినా ముందు పరిగెత్తేవి న్యూట్రోఫిల్స్. ఒకసారి చూసిన శత్రువును గుర్తుపెట్టుకుని, మళ్లీ వస్తే పట్టుకునేవి లింఫోసైట్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మొదటివి ఎక్కువ, రెండోవి వాటికన్నా తక్కువ, ఆ నిష్పత్తి ఒక పద్ధతిలో ఉంటుంది.

కొన్నేళ్లకు మిషన్ వచ్చింది. రక్తం గొట్టం పెడితే అంకెలన్నీ కాగితం మీద అచ్చయి వస్తాయి. తోటివాళ్లు మైక్రోస్కోపుకు గుడ్డ కప్పేశారు. నేను కప్పలేదు. మిషన్ చెప్పిందానికి తలూపడానికైతే మనిషెందుకు, గోడమీద బల్లి చాలదా అని వాళ్లను ఏడిపించేదాన్ని. ఈ మాట నాకే తగులుతుందని అప్పుడు తెలియదు.

మా నాన్న రైల్వేలో గూడ్స్ గార్డు. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, భన్‌పురి వైపు రైలుపట్టాలకు కూతవేటు దూరంలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బండి చివరి డబ్బాలో ఒంటరిగా కూర్చుని, ప్రతి స్టేషన్ దగ్గరా ఒక పుస్తకంలో రాసేవాడు. బండి ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఆలస్యమైతే కారణమేమిటి. గార్డుకు ఆ మూడో గడి చాలా ముఖ్యం. నిమిషం పోయినా ఎందుకు పోయిందో రాయాల్సిందే. ఆయన పుస్తకంలో ఎక్కువగా కనిపించే కారణం ఒకటే: లైన్ క్లియర్ లేదు. అంటే ముందు స్టేషన్‌వాళ్లు దారి ఖాళీగా ఉందని చెప్పలేదన్నమాట. పాత రోజుల్లో ఆ లైన్ క్లియర్ కాగితాన్ని మనిషి చేత్తో తెచ్చి డ్రైవరుకు ఇస్తే తప్ప చక్రం కదిలేది కాదట.

రిటైరైన కొన్నేళ్లకు నాన్నకు అల్జీమర్స్ మొదలైంది. అమ్మ అప్పటికే లేదు. నేను పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్లకు ఇచ్చిన జవాబులు ఇక్కడ రాస్తే బాగోదు. అన్నయ్య అభన్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చిపోయేవాడు. నాన్న మొదట మా వీధి పేరు మరిచిపోయాడు. తర్వాత అమ్మ పోయిందన్న సంగతి మరిచిపోయి వంటింట్లోకి తొంగిచూసేవాడు. నాకప్పుడు దుఃఖం కన్నా కోపం ఎక్కువ వచ్చేది, ఎవరి మీదో తెలియని కోపం.

కానీ పుస్తకం రాయడం మాత్రం ఆయన మరిచిపోలేదు. ఒకరోజు పాత పొడుగు నోటుబుక్కు తీసి, స్కేలుతో గీతలు కొట్టి, ఇంటిని లైనుగా మార్చేశాడు. స్టేషన్: వంటిల్లు. రాక 7.05, పోక 7.20. కారణం: పాలు కాగలేదు. స్టేషన్: బాత్రూం. రాక 7.25, పోక 7.50. కారణం: అమ్మాయి లోపల ఉంది. నేను పకపకా నవ్వి, "నన్ను కూడా రిపోర్టు చేస్తావా నాన్నా?" అంటే, "రూల్ రూలేనమ్మా. ఎవుల్నీ ఒగ్గను," అన్నాడు. రోజంతా ఎంత తికమకపడినా ఆ పుస్తకం చేతిలో ఉంటే ఆయన మళ్లీ ఆయనే.

ఈ జబ్బు మెదడుదే అని అందరిలాగే నేనూ అనుకున్నాను. ఒకరోజు ల్యాబ్ కంప్యూటర్లో ఏదో చదువుతుంటే ఒక వ్యాసం కంటపడింది. మెదడులో చెత్త ఊడ్చే కాపలా కణాలు ఈ జబ్బులో దారి తప్పుతాయట. అంతేకాదు, రక్తంలో తిరిగే రక్షణ కణాల తీరు కూడా కొందరిలో కొంత మారుతుందట. న్యూట్రోఫిల్స్ వాటా కాస్త పెరగడం, లింఫోసైట్ల వాటా కాస్త తగ్గడం చూశారట. చదువుతుంటే నా గుండె ఎగిరి గంతేసింది. మెదడులోకి నేను చూడలేను, రక్తంలోకి చూడగలను! ఇన్నాళ్లూ నాన్న జబ్బు ముందు చేతులు కట్టుకు నిలబడ్డదాన్ని, ఇప్పుడు అది నా ఇలాకాలోకి వచ్చింది.

ఆ నెల నుంచి నెలకోసారి నాన్న రక్తం తీయడం మొదలుపెట్టాను. ఒక చుక్కను గాజుపలక మీద పలచగా లాగి, ఆరబెట్టి, ఊదారంగు పట్టించి, లెక్కపెట్టి, తేదీ రాసి చెక్కపెట్టెలో వరసగా నిలబెట్టేదాన్ని. ఇంకో కాగితం మీద ఆ అంకెలతో గీత గీసేదాన్ని. నాన్న చెయ్యి చాపి, "ఇంజిన్‌లో నూనె సూస్తన్నావేటి?" అని నవ్వేవాడు. అంకెలు ఒకటి రెండు అటూ ఇటూ కదిలేవి, అంతే. అయినా ఆ గీతను చూసినప్పుడల్లా జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో నాకొక్కదానికే తెలుసన్న అహం.

మా ల్యాబ్ పెథాలజిస్టు మేడమ్ ఒకసారి ఆ గీత చూసి తల అడ్డంగా ఊపారు. ఆవిడ ఇక్కడివారే, హిందీలోనే మాట్లాడతారు. "ఇది టెస్ట్ కాదు. వందల మందిని కలిపి చూస్తే కనిపించే చిన్న తేడా ఇది. ఒక్క మనిషి రక్తంలో దీన్ని చూసి జబ్బు ఎంత ముదిరిందో చెప్పలేం," అన్నారు. నేను బుద్ధిగా తలూపి, ఆ గీతను ఇంటికి పట్టుకెళ్లి బీరువా తలుపుకు అతికించాను.

ఒక సోమవారం పొద్దున నాన్న పుస్తకం తీయలేదు.

మంచం మీద కూర్చుని కర్టెన్‌ను రెండు చేతులతో లాగుతున్నాడు. లోపలెవరో ఉన్నారంటాడు. టీ ఇస్తే గుటక వేయకుండా నోట్లోనే ఉంచుకున్నాడు. ముందురోజు అన్నయ్యతో చికెన్ ముక్క కోసం పోట్లాడిన మనిషి! దగ్గరికెళ్లి భుజం పట్టుకుంటే నా మొహంలోకి చాలాసేపు చూసి, "ఎవురమ్మా నువ్వు? ఏ స్టేషనమ్మా ఇది?" అన్నాడు. జ్వరం చూశాను, లేదు. నాన్న నన్ను గుర్తుపట్టకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు రక్తం తీసుకెళ్లి మిషన్‌లో పెట్టాను. న్యూట్రోఫిల్స్ వాటా బాగా పైకి పోయింది, లింఫోసైట్లది కిందికి పడింది. మొత్తం కణాలు మాత్రం మామూలుకన్నా కొంచెమే ఎక్కువ. నా బుర్రలో వ్యాసం సిద్ధంగా ఉంది కదా, అంకెలు వెళ్లి అందులో కూర్చున్నాయి. జబ్బు ఒక్క దూకు దూకిందనుకున్నాను. స్లయిడ్‌కు రంగు వేశాను, పెట్టెలో నిలబెట్టాను. మైక్రోస్కోపు కింద పెట్టలేదు. ఇరవై ఏళ్లుగా బల్లి అని అందర్నీ ఏడిపించిన నేను, నా సొంత తండ్రి దగ్గరికొచ్చేసరికి మిషన్ కాగితానికి తలూపాను. గీతను నిటారుగా పైకి లాగి, బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

బుధవారం అన్నయ్య వచ్చాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నేను గొప్పగా ఆ గీత కాగితం బల్లమీద పరిచాను. నెలనెలా లెక్కలు, వరసగా తేదీలు, చివర్లో నిటారు గీత. ల్యాబ్ మనిషి, పైగా కూతురు, ఇంత శ్రద్ధగా రాసి తెస్తే ఎవరైనా నమ్ముతారు. ఆయన నాన్న కళ్లలోకి లైటు వేసి చూసి, జ్వరం లేదని రాసుకుని, మెల్లగా అన్నాడు: "బీమారీ ఆగే బఢ్ గయీ హై." జబ్బు ముందుకు జరిగిపోయిందని. ఆ మాట ఆయన నోట అనిపించింది నా కాగితమే.

బయటికొచ్చాక అన్నయ్య స్కూటర్ స్టాండు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకేటి సేస్తామే? డాక్టర్ సాఫ్‌గా చెప్పీసాడు కదా. నాన్నని బేకార్‌గా హైరాన్ పెట్టకు. అభన్‌పూర్ తీసుకుపోతాను. అక్కడ ప్రశాంతంగా ఉంటాడు," అన్నాడు. ఆ సాయంత్రమే విజయనగరంలో ఉన్న అత్తకు ఫోన్ చేశాడు. అత్త అంటే నాన్న చెల్లెలు. "ఒకపాలి వచ్చి సూసిపో అత్తా," అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో మా వాళ్లందరికీ తెలుసు. అత్త ఫోన్లోనే ఘొల్లుమంది. మంగళవారం పొద్దున దిగేలా ఆమెకూ మామయ్యకూ టికెట్లు దొరికాయి.

శుక్రవారం ల్యాబ్‌కు వెళ్లాను గానీ పని మీద మనసు లేదు. శనివారం నాన్నను అభన్‌పూర్ పంపాలి. పెట్టెను కూడా ఇంటికి తీసుకుపోదామని సర్దుతుంటే, సంచీలోని మిషన్ కాగితం కింది అంచున ఒక చిన్న గుర్తు కనిపించింది. కణాల్లో తేడా ఉంది, కంటితో చూడండి అని మిషన్ వేసే గుర్తు అది. మూడు రోజులుగా ఆ కాగితం నా సంచీలోనే ఉంది. మిషన్ కూడా చెప్పింది, నేనే వినలేదు.

స్లయిడ్ తీసి నూనెచుక్క వేసి కన్ను పెట్టాను. ఎదిగిన న్యూట్రోఫిల్‌కు లోపలి కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా విడిపోయి ఉంటుంది. ఇక్కడ గుర్రపు నాడాలా వంగి, ఇంకా విడిపోని పసికణాలు. ఒకటి కాదు, రెండు కాదు. ఇలాంటివి ఎముక మజ్జ లోపల ఎదగాల్సినవి. బయట యుద్ధం నడుస్తూ సైన్యం చాలకపోతే తప్ప అవి ఇంత తొందరగా వీధిలోకి రావు. పెద్దకణాల ఒంటినిండా నల్లటి గరుకు చుక్కలు, అక్కడక్కడా బుడగలు. పెట్టెలోంచి కిందటి నెలది తీసి పెట్టాను. ప్రశాంతంగా ఉంది. అంతకుముందు నెలది, ఇంకా ముందుది. అన్నీ ప్రశాంతంగానే ఉన్నాయి. మళ్లీ ఈ వారానిది పెట్టాను.

అల్జీమర్స్ నెలలమీద, ఏళ్లమీద నడిచొచ్చే జబ్బు. ఆదివారం చికెన్ కోసం పోట్లాడిన మనిషిని సోమవారానికి ఇలా చేయదు. ఇది వేరే దొంగ. అల్జీమర్స్ చొక్కా తొడుక్కుని ఇంట్లోకి దూరాడు, తలుపు తీసింది నేను.

కుర్చీ వెనక్కి పడిపోయేంత ఊపుగా లేచి మేడమ్‌ను పిలిచాను. ఆవిడ కన్ను పెట్టి అర నిమిషం చూశారు. "యే తో ఇన్‌ఫెక్షన్ హై," అన్నారు. ఆ వెంటనే, "పేషాబ్ చూశారా?" అని అడిగారు. చూడలేదు. ముసలివాళ్లకు మూత్రంలో చీము పట్టినా ఒక్కోసారి జ్వరం రాదు, మంట అని చెప్పలేరు, ముందు మతి చెదురుతుంది. ఇది నాకు తెలియని సంగతా? పుస్తకంలో చదివి పరీక్ష రాసి పాసైన సంగతి. మేడమ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆటోలో ఇంటికి చేరేసరికి అన్నయ్య అప్పుడే వచ్చి నాన్న బట్టలు సూట్‌కేసులో సర్దుతున్నాడు. "ఆగు, నాన్న ఎక్కడికీ వెళ్లడు," అన్నాను. వాడికి కోపం వచ్చింది. "నీ స్లయిడ్ల పిచ్చి ఆపవే! మొన్న నీ కాగితమే కదా డాక్టర్‌కి చూపించావు? ఇవాళ ఇంకో మాటా?" అన్నాడు. ఆ మాట నిజం, అందుకే బాగా నొప్పెట్టింది. "అవును, నేనే తప్పు చెప్పాను. నా తప్పుకి నాన్నని ఎల్లగొట్టీస్తావా? ఒక్క పేషాబ్ టెస్ట్. గంట ఆగు. అందులో ఏమీ లేకపోతే సూట్‌కేసు నేనే మోస్తాను," అని గట్టిగా అరిచాను. పక్కింటివాళ్లు గోడమీంచి చూశారు. చూడనీ అనుకున్నాను.

నాన్నను పట్టుకుని మూత్రం సీసాలో పట్టడానికి మా ఇద్దరికీ చెమటలు పట్టాయి. అన్నయ్యే బండి మీద నన్నూ సీసానూ పండరీ తీసుకెళ్లాడు, అంతసేపు పక్కింటావిడ నాన్న దగ్గర కూర్చుంది. మైక్రోస్కోపు కింద చీముకణాలు గుంపులు గుంపులుగా నిండిపోయి ఉన్నాయి, లెక్కపెట్టే పనే లేదు. అన్నయ్యను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి కన్ను పెట్టమన్నాను. "ఇవన్నీ ఏటే?" అన్నాడు. "నాన్న కోసం కొట్లాడుతున్నాయి. మనమిద్దరం సూట్‌కేసు సర్దేశాం గానీ అవి ఊరుకోలేదు," అన్నాను. వాడు చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక, "పద," అన్నాడు.

డాక్టరు రెండు స్లయిడ్ల సంగతీ, మేడమ్ రాసిచ్చిన కాగితమూ చూసి, ఇంకేమీ వాదించకుండా ఆ సాయంత్రమే నాన్నను నర్సింగ్‌హోమ్‌లో చేర్పించాడు. మూత్రం కల్చర్‌కు పంపి, నరానికి మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. శనివారం ఏమీ మారలేదు. ఆదివారం నాన్న కర్టెన్ లాగడం ఆపి నిద్రపోయాడు. ఆ రోజు రక్తపు స్లయిడ్‌లో పసికణాలు తగ్గాయి. సోమవారం ఇంకా తగ్గాయి. అంకె పడిపోతుంటే కౌంటర్ గంట మోగినప్పుడల్లా నాకు ఎగిరి దూకాలనిపించింది. ఒకసారి దూకాను కూడా. మేడమ్ చూసి చూడనట్టు ఊరుకున్నారు.

మంగళవారం పొద్దున అత్తా మామయ్యా స్టేషన్ నుంచి తిన్నగా నర్సింగ్‌హోమ్‌కు వచ్చారు. అత్త మెట్ల దగ్గరే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య సిగ్గుతో ఎదురెళ్లలేక నా వెనక నిలబడ్డాడు. తలుపు తీస్తే నాన్న దిండ్లకు ఆనుకుని కూర్చుని, ఉప్మా చెంచా చేత్తో పట్టుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. చెల్లెల్ని చూశాడు.

"ఏ బండికి వచ్చినావే?" అన్నాడు.

అత్త ఏడుస్తూనే బండి పేరు చెప్పింది.

"ఎంత లేటు?"

"నలభై నిమిషాలు అన్నియ్యా!"

"రాయగడలో ఆపీసుంటారు," అని, నాన్న ఉప్మా నోట్లో పెట్టుకున్నాడు. ఏడవడానికి అంత దూరం నుంచి వచ్చిన అత్త, గోడకు చేరగిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. మామయ్య తన కళ్లద్దాలు తీసి తుడిచాడు. అన్నయ్య మాత్రం వరండాలోకి వెళ్లిపోయాడు. వెనకే వెళ్లి చూస్తే చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వాడి వీపు మీద ఒక్కటి చరిచాను, ప్రేమగానే, కాస్త గట్టిగానే.

బుధవారం ఇంటికొచ్చాం. నేను మొదట చేసిన పని బీరువా తలుపుకు మళ్లీ అతికించిన గీత కాగితం పీకి చించేయడం. జబ్బు ఎక్కడికీ పోలేదు. మర్నాడే నాన్న మళ్లీ వంటింట్లోకి తొంగి అమ్మ కోసం చూశాడు. దాన్ని నేను గెలవలేదు, గెలుస్తానని ఇప్పుడు అనుకోవడం కూడా లేదు. కానీ దాని మాటున వచ్చి నాన్నను ఎత్తుకుపోబోయిన దొంగను మాత్రం గల్లా పట్టుకుని బయటికి ఈడ్చాం. ఆ కణాలూ, నేనూ. ఆ విజయాన్ని తక్కువ చేసి చెప్పుకునే వినయం నాకు లేదు.

ఆ బుధవారం టీ తాగాక నాన్న నోటుబుక్కు అడిగాడు. కళ్లద్దాలు పెట్టుకుని పేజీ తిప్పి, ఆగిపోయాడు. క్యాలెండర్ చూశాడు, మళ్లీ పేజీ చూశాడు.

"తొమ్మిది దినాలు కాళీగా ఉందేటమ్మా? బండి ఎక్కడ ఆగిపోనాది?"

అబద్ధం చెప్పొచ్చు. సాయంత్రానికి ఆయనకు గుర్తుండదు కూడా. కానీ ఆ మూడో గడిలో అబద్ధం రాయించడానికి మనసొప్పలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. మూత్రంలో చీము, మిషన్ కాగితం, చూడని స్లయిడ్, నేను గీసిన గీత. "నా మూలాన్నే ఆగిపోయింది నాన్నా. కారణం దగ్గర నా పేరు రాసేయ్. రూల్ రూలే కదా," అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న విన్నాడో లేదో, ఎంత అర్థమైందో తెలియలేదు. "మరి కదిలినాది కదా. ఎలా కదిలినాది?" అన్నాడు. "తర్వాత స్లయిడ్ చూశాను. పరిగెత్తుకొచ్చాను," అన్నాను. ఆయన స్కేలు పెట్టి, తొమ్మిది ఖాళీ గడుల మీదుగా మెల్లగా గీత కొట్టాడు. పెన్ను కాగితానికి ఆనించి కాసేపు ఆలోచించి ఏదో రాసి, పుస్తకం మూసి దిండు కింద పెట్టుకున్నాడు. నన్ను చూడనివ్వలేదు.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు తీసి చూశాను. అక్షరాలు గీతలు దాటి వంకరపోయాయి గానీ, చదవడానికి వచ్చాయి.

ఆలస్యం: 9 దినాలు. కారణం: లైన్ క్లియర్ లేదు. మా అమ్మాయి తెచ్చింది.